న్యూరెంబర్గ్‌లో జరిగే బార్డెన్‌ట్రెఫెన్ సంగీత పండక్కి పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఉన్నారా?

మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఈ వేసవికి అత్తయ్య, మామయ్య వస్తున్నారు, ఇద్దరికీ సంగీతమంటే ప్రాణం. 1976 నుంచి ఏటా పాత ఊరి నడిబొడ్డున జరిగే ఈ పండక్కి టికెట్ ఉండదు కదా, శనివారం బయెర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రమంతా రీజనల్ రైళ్లలో ఒక రోజు తిరిగే పాస్) మీద అందరం రీజనల్ రైల్లో వెళ్లి రాత్రికి తిరిగొచ్చేద్దామని ప్లాన్.

నా టెన్షన్ అత్తయ్య మోకాళ్ల గురించే. స్టేషన్ నుంచి లోరెంజ్‌కిర్షె చర్చి దాకా యూ-బాన్‌లో (మెట్రోలో) వెళ్లొచ్చు, కానీ అక్కణ్నించి హాప్ట్‌మార్క్ట్ కూడలికి ఆ రాళ్లు పరిచిన వీధుల్లో, అంత జనంలో నడవగలరా? నది మధ్య లంకలో ఉండే ఇన్‌జెల్ ష్యూట్ స్టేజి దగ్గర కూర్చోవడానికి ఏమైనా ఉంటుందా, లేక మడత కుర్చీ మోసుకెళ్లాలా? సాసేజ్ వాసనకే మామయ్య ముఖం తిప్పేసుకుంటారు, శాకాహారం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి ప్లీజ్. రాత్రి తిరుగు రైళ్లలో కూర్చోడానికి చోటు దొరుకుతుందా?