గుండె కండర కణాలు మళ్లీ పుడతాయా?

కృష్ణాతీరం:
నాన్నగారికి నిరుడు హార్ట్ ఎటాక్ వచ్చింది. పంపింగ్ తగ్గింది. ఇప్పుడొకచోట స్టెమ్ సెల్స్ (కొత్త కణాలుగా మారగల మూల కణాలు) ఎక్కిస్తే కండరం మళ్లీ పెరుగుతుందంటున్నారు, ఖర్చు లక్షల్లో. కండర కణాలు విభజన చెందవని ఇంటర్‌లో చదివాం కదా అంటాడు అన్నయ్య. ఏది నిజం?

కండలవీరుడు:
పెరుగుతాయి బ్రో. వర్కౌట్ చేస్తే కండ చిరిగి కణాలు ఎక్కువవుతాయి. గుండె కూడా కండరమే కదా!

జువాలజీ మేడమ్:
కాదు వీరుడు గారూ. చేతి కండలోని ఒక్కో పోగు ఎన్నో చిన్న కణాలు కలిసిపోయి తయారైంది, అందులో వందల కేంద్రకాలుంటాయి. ఆ పోగు మళ్లీ విభజన చెందదు. వర్కౌట్‌తో ముఖ్యంగా లావవుతుంది. దెబ్బ తగిలినప్పుడు విభజన చెందేవి పోగుకు అంటుకుని ఉండే శాటిలైట్ కణాలు. 1961లో అలెగ్జాండర్ మౌరో వీటిని కప్ప కాలి కండరంలో చూసి వివరించాడు. గుండె కండరానికి ఆ నిల్వ లేదు, అందుకే ఎటాక్ తర్వాత అక్కడ మచ్చ మిగులుతుంది. గర్భసంచి గోడలోని నునుపు కండర కణాల సంగతి వేరు, అవి విభజన చెందుతాయి.

తుంగభద్ర:
మేడమ్, గుండెలో అసలేమీ పుట్టదనుకుంటే పొరపాటు. అణుబాంబు పరీక్షలతో 1950, 60ల్లో గాలిలో కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) బాగా పెరిగింది, తిండి ద్వారా మనుషుల డీఎన్‌ఏలోకి చేరింది. కణం పుట్టినప్పుడు గాలిలో ఎంత ఉందో దాని డీఎన్‌ఏలో ఆ గుర్తు నిలిచిపోతుంది. దాన్ని కొలిచి కణాల వయసు తేల్చింది స్వీడన్‌లోని యోనాస్ ఫ్రిజేన్ బృందం, 2009లో. పాతికేళ్లప్పుడు ఏడాదికి 1 శాతం, 75 ఏళ్లకు 0.45 శాతం గుండె కండర కణాలు కొత్తవి వస్తున్నాయి. జీబ్రాఫిష్‌కైతే కోసేసిన గుండె కొన తిరిగి పెరుగుతుంది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లకూ అంతే, వారం దాటితే ఆ శక్తి పోతుంది.

జువాలజీ మేడమ్:
ఆ 1 శాతం నిజమే, కానీ పెద్ద ఎటాక్‌లో పోయే కణాలు వంద కోట్ల దాకా ఉంటాయి. ఈ వేగంతో ఆ లోటు పూడదు. గుండెలో స్టెమ్ సెల్స్ ఉన్నాయని హార్వర్డ్‌లో పనిచేసిన గుండె పరిశోధకుడు పియరో అన్వర్సా ఏళ్ల తరబడి చెప్పాడు, ఆ నమ్మకంతో రోగుల మీద ప్రయోగాలు జరిగాయి. చివరికి 2018లో, తప్పుడు డేటా ఉందంటూ ఆయన ల్యాబ్‌కు చెందిన 31 పేపర్లను వెనక్కి తీసుకోవాలని హార్వర్డ్, దాని అనుబంధ ఆసుపత్రి కోరాయి. నాకు కోపం తెప్పించేది అదే. ఆశపడినవాళ్లు రోగులు.

కృష్ణాతీరం గారూ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం గుండెకు స్టెమ్ సెల్స్ ఎక్కించడం ప్రయోగమే, చికిత్స కాదు. ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ (దేశంలో మనుషుల మీద జరిగే వైద్య ప్రయోగాలను నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

కండలవీరుడు:
మరి వాకింగ్ చేస్తే లాభం లేదా మేడమ్?

జువాలజీ మేడమ్:
చాలా ఉంది. డాక్టరు చెప్పినంత నడిస్తే మిగిలిన కండరం మీద భారం తగ్గుతుంది. చచ్చిన కణాలు మాత్రం తిరిగి రావు.

కృష్ణాతీరం:
రేపే ఫోన్ చేసి నంబరు అడుగుతాను. ఇవ్వకపోతే డబ్బు కట్టం. కార్డియాలజిస్టు రాసిన మందులు నాన్నగారు వాడుతూనే ఉంటారు.