తొమ్మిదేళ్ల పిల్లకు యూదు పిల్లల కథలు ఎంతవరకు చెప్పవచ్చు?

సీతమ్మధార అమ్మమ్మ:
మా మనవరాలికి రాత్రి కథ పడితే గాని నిద్ర పట్టదు. మొన్న రైళ్ల కథ చెప్పాను. 1938 డిసెంబరు నుంచి రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేదాకా, హిట్లర్ నాజీల బారి నుంచి తప్పించుకోవడానికి సుమారు 10,000 మంది పిల్లలు, ఎక్కువగా యూదులు, అమ్మానాన్నలను వదిలి బ్రిటన్ చేరారు. మెడలో నంబరు చీటీ, చేతిలో చిన్న పెట్టె. వింటూనే లేచి, బడి సంచీ ఖాళీ చేసి, తనైతే ఏమి తీసుకెళ్తుందో సర్ది చూసింది. రెండు గౌన్లు, రంగు పెన్సిళ్లు, నా పాత శాలువా. "మరి వాళ్ల అమ్మలు మళ్లీ వచ్చారా?" అంది. చాలామంది రాలేదని తెలిసీ "పడుకో తల్లీ" అన్నాను. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

మద్దిలపాలెం నాన్న:
ఇప్పుడే వద్దండీ. మా వాడు నెలరోజులు దీపం ఆర్పనివ్వలేదు. ముందు బతికినవాళ్ల కథలు చెప్పండి. ప్రాగ్ నుంచి 669 మంది పిల్లలను దాటించిన నికొలస్ వింటన్ ఉన్నాడు కదా.

పెదవాల్తేరు మాస్టారు:
అమ్మా, నేను ఆరో తరగతికి చెప్పేవాణ్ణి. పోలండ్‌లోని వార్సాలో నాజీలు యూదులను గోడల మధ్య బంధించిన పేట, అదే ఘెట్టో, అందులో అనాథ పిల్లలను సాకిన డాక్టర్ యానుష్ కోర్చాక్ 1942 జులై 18న వాళ్లచేత మన ఠాగూర్ 'డాక్‌ఘర్' నాటకం ఆడించాడు. అందులో జబ్బుపడ్డ పిల్లవాడు అమల్ కిటికీ దగ్గర కూర్చుని, పెరుగమ్మేవాడి కేక తనకూ నేర్పమంటాడు చూడండి, అక్కడే చాలాసేపు ఆగేవాణ్ణి. పిల్లలంతా ఆ కేక వేసేవారు. ఆ తర్వాత ఒక్క మాటలో, ఆగస్టులో వాళ్లను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకెళ్లి చంపేశారని, దాదాపు 200 మందిని, తప్పించుకునే దారి ఉన్నా డాక్టరు వాళ్లను విడవలేదని చెప్పేవాణ్ణి. శిబిరం వర్ణన వద్దు. అబద్ధమూ వద్దు.

అదే ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖ మీదా బాంబులు వేశాయి. మా అమ్మను ఎడ్లబండిలో ఊరు దాటించారట. కాని ఆమెను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. అక్కడ పిల్లలను వెతికి మరీ పట్టుకున్నారు. ఈ తేడా కూడా చెప్పండి.

సీతమ్మధార అమ్మమ్మ:
రాత్రి చెప్పాను మాస్టారూ. చాలామంది అమ్మలు రాలేదని, చంపేశారని. "ఏం తప్పు చేశారు?" అంది. ఏమీ లేదు, యూదులుగా పుట్టారు, అంతే అన్నాను. ఏడవలేదు గాని, తెల్లవారేదాకా నా చెయ్యి వదల్లేదు. సంచీలో శాలువా ఇంకా తియ్యలేదు. ఈ రాత్రి అమల్ కథ మొదలుపెడతాను. పెరుగమ్మేవాడి కేక మీ పిల్లలు ఎలా వేసేవారో కాస్త రాస్తారా?