లీటరుకు 2 మి.లీ. అని ఉంటే 4 కలపొచ్చా?

ప్రశ్న: వంగ మొక్కలకు తెల్లదోమ పట్టింది. లేబుల్‌ మీద ఉన్నట్టే లీటరు నీళ్లకు 2 మి.లీ. కలిపి కొట్టినా తగ్గలేదు. మోతాదు పెంచొచ్చా? కాయలు ఎప్పుడు కోయాలి?

జవాబు 1: పెంచకండి. ఆకులు మాడతాయి, కాయల్లో అవశేషాలు పెరుగుతాయి. తెల్లదోమ ఉండేది ఆకు అడుగున. పైనుంచి కొడితే దానికి మందు తగలదు. నాజిల్ పైకి తిప్పి, అడుగుభాగం తడిసేలా కొట్టండి. చాలా మందులకు గుడ్లు చావవు, పిల్లపురుగులు మళ్లీ వస్తాయి. రెండోసారి ఎన్ని రోజులకు కొట్టాలో, మొత్తం ఎన్నిసార్లు కొట్టొచ్చో లేబుల్‌లో చూడండి, అక్కడ ఉన్నదాన్ని దాటొద్దు.

జవాబు 2: అసలు లేబుల్‌లో వంగ పేరు ఉందా? లేకపోతే ఆ మందు వాడకండి. లేబుల్‌లో కోతకు ముందు విరామం 7 రోజులని ఉంటే, చివరిసారి కొట్టాక 7 రోజులు కాయ కోయకూడదు. కడిగితే సరిపోతుందనుకోవద్దు, అంతర్వాహిక మందు (మొక్క పీల్చుకుని లోపలంతా పాకేది) కాయ లోపలికీ చేరుతుంది.

జవాబు 3: కొలతకు విడిగా ఒక సిరంజి పెట్టుకోండి, వంటచెంచా వద్దే వద్దు. మందును కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చొద్దు, పిల్లలు తాగేస్తారు. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా, లేబుల్‌తో సహా డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అందులో ఏ మందు, ఎంత శాతం ఉందో డాక్టరుకు తెలియాలి.