నార్మన్ మెయిలర్: భార్యను పొడిచిన సంగతి పక్కనపెట్టి నవలలు చదవగలమా?

కృష్ణాతీరం:
అమెరికన్ నవలాకారుడు నార్మన్ మెయిలర్ 1960 నవంబరులో, న్యూయార్క్‌లో తన ఇంట్లో ఇచ్చిన పార్టీ అయ్యాక, భార్య అడెల్ మొరాలెస్‌ను చిన్న కత్తితో పొడిచాడు. గుండె పొర దాకా దిగింది. ఆమె కేసు వద్దంది. అతను నేరం ఒప్పుకుని ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. తర్వాత రెండు పులిట్జర్ బహుమతులూ వచ్చాయి. రచయిత వేరు, రచన వేరు అనే మాట ఇక్కడ చెల్లుతుందా?

పాతపుస్తకం:
చెల్లుతుంది. 1979లో వచ్చిన ‘ది ఎగ్జిక్యూషనర్స్ సాంగ్’ చూడండి. యూటాలో ఇద్దర్ని చంపి, 1977 జనవరిలో ఫైరింగ్ స్క్వాడ్ తూటాలకు చనిపోయిన గ్యారీ గిల్మోర్ కథ. వెయ్యి పేజీల్లో మెయిలర్ ఎక్కడా కనిపించడు. అన్నీ చిన్న చిన్న వాక్యాలు. గిల్మోర్ చంపిన పెట్రోల్ బంకు కుర్రాడు, మోటెల్ మేనేజరు, వాళ్ల భార్యాబిడ్డలు అందరూ మనకు తెలిసినవాళ్లయిపోతారు. హంతకుడి కథలో హతులకు అంత చోటిచ్చేది ఎంతమంది?

హేమంత:
మంచి పుస్తకమే, కాదనను. కానీ అదొక్కటే చూపిస్తే ఎలా? పొడిచిన అయిదేళ్లలోపే, 1965లో, ‘యాన్ అమెరికన్ డ్రీమ్’ నవల వేశాడు. అందులో కథానాయకుడు రోజాక్ తన భార్యను గొంతు నులిమి చంపి, శవాన్ని కిటికీలోంచి తోసేసి, ఆత్మహత్య అని పోలీసులకు చెబుతాడు. శిక్ష పడదు. పైగా చంపాక అతనికి కొత్త ప్రాణం లేచొచ్చినట్టు రాశాడు. తన జీవితాన్ని తనే నవల్లోకి లాక్కొచ్చినవాడి విషయంలో పాఠకులు మాత్రం దాన్ని మర్చిపోవాలా?

మీరన్న గిల్మోర్ పుస్తకం రాస్తుండగానే జాక్ హెన్రీ ఎబట్ అనే ఖైదీ అతనికి ఉత్తరాలు రాశాడు. వాటిని పుస్తకంగా తెచ్చినప్పుడు ముందుమాట రాసిందీ, పెరోల్‌కి సిఫార్సు చేసిందీ మెయిలరే. ఎబట్ 1981 జూన్‌లో బయటికొచ్చాడు. ఆరు వారాలకే న్యూయార్క్‌లోని ఈస్ట్ విలేజ్‌లో ఒక హోటల్లో, టాయిలెట్ సిబ్బంది వాడుకోవడానికే అన్నందుకు గొడవ పడి, రిచర్డ్ అడాన్ అనే 22 ఏళ్ల వెయిటర్‌ని వీధిలో పొడిచి చంపాడు. మర్నాడే న్యూయార్క్ టైమ్స్‌లో ఎబట్ పుస్తకాన్ని మెచ్చుకుంటూ సమీక్ష! విచారణ సమయంలో మెయిలర్, సంస్కృతి కోసం కొంత రిస్క్ తీసుకోవచ్చన్నాడు. చచ్చిపోయిన అడాన్ కూడా నటుడే, నాటకాలు రాస్తున్నవాడే. అతని నాటకాలు సంస్కృతి కాదా?

పాతపుస్తకం:
అడాన్ గురించి మీతో వాదించలేను. కానీ ఎబట్‌ని వదిలింది పెరోల్ బోర్డు. రోజాక్ ఒక పాత్ర. పాత్ర చేసిన హత్యకి రచయితను బోనెక్కిస్తే క్రైమ్ నవల ఎవరూ రాయలేరు.

హేమంత:
భార్యను పొడవని రచయిత రాసుంటే నేనూ అదే అందును. చదవొద్దనడం లేదండీ. అడెల్ 1997లో ‘ది లాస్ట్ పార్టీ’ పేరుతో తన జ్ఞాపకాలు రాసుకుంది. ఆ రాత్రి గురించి ఆమె ఏం చెప్పిందో చదివాక రోజాక్ దగ్గరికి వెళ్లండి. మెయిలర్ గురించి ఇన్ని చర్చలు చూశాను, ఆ పుస్తకం ఊసెత్తినవాళ్లు లేరు.