చర్చ: మీటర్ ముల్లు లేచినప్పుడు ముందు చెప్పాలా, ముందు చూసుకోవాలా?

గడపలో_గీగర్: కిటికీ బయట రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ పెట్టి, రీడింగులు అందరూ కలిసి నింపే మ్యాప్‌కు పంపుతుంటాను. మామూలుగా గంటకు 0.11 మైక్రోసీవర్ట్ ఉంటుంది. నిన్న వాన మొదలయ్యాక 0.17 దాకా వెళ్లింది. టెన్షన్ పడి వీధి గ్రూపులో పెట్టేశాను. రెండు గంటల్లో మళ్లీ 0.11కే దిగింది. నాది తప్పా?

అర్ధాయుష్షు: తప్పే. గాల్లో సహజంగా ఉండే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు నుంచి పుట్టే సీసం-214, బిస్మత్-214ను వాన కిందికి దించుతుంది. వాటి అర్ధాయుష్షు, అంటే సగానికి తగ్గే సమయం, సుమారు 27, 20 నిమిషాలు. అందుకే వాన ఆగాక త్వరగా తగ్గిపోతుంది. పైగా గీగర్ కౌంటర్‌లోని చిన్న ట్యూబులో నిమిషానికి సగటున 20 క్లిక్కులు వస్తే, ఒక నిమిషం 12, ఇంకో నిమిషం 28 రావడం మామూలు. గంట ఆగండి, పక్క మీటర్లు చూడండి, ఆ తర్వాతే చెప్పండి.

తూర్పుగాలి: "ఆగండి" అనే మాట చెర్నోబిల్ అణు కేంద్రం పక్క ఊరు ప్రిప్యాత్ జనానికీ చెప్పారు. 1986 ఏప్రిల్ 26 తెల్లవారకముందే చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. ఊరు ఖాళీ చేయించింది 27 మధ్యాహ్నం. మనం ఇంట్లో మీటర్ పెట్టుకున్నదే ఆ ఆలస్యం మళ్లీ జరగకూడదని.

కొత్తసభ్యుడు: గంట మరీ ఎక్కువేమో, అరగంట చాలదా?

అర్ధాయుష్షు: నేను గంట అన్నాను, ఒకటిన్నర రోజు అనలేదు. పైగా మన మీటర్ అన్నీ పట్టదు. 2017లో ఐరోపా గాల్లో రుథేనియం-106 అనే రేడియోధార్మిక పదార్థం తేలింది. దాన్ని పట్టింది గాలిని వడకట్టే ఫిల్టర్ కేంద్రాలు. కిటికీలో గీగర్‌కు అంత తక్కువ మోతాదు తెలియదు.

తూర్పుగాలి: రుథేనియం సంగతి ఎవరడిగారు? నా సంగతి చెబుతాను. నా రెండు రోజుల రీడింగులను మా గ్రూపు నిర్వాహకులు చెరిపేశారు. "పరీక్ష కోసం ఏదో పక్కన పెట్టి ఉంటారు" అన్నారట. నన్ను ఒక్క మాట అడగలేదు. వేళకు లేచి బ్యాటరీ మార్చుకుంటూ తీసిన రీడింగులవి.

అర్ధాయుష్షు: చెత్త అంకె ఒక్కటి మ్యాప్‌లో పడితే మిగతా వెయ్యి అంకెల్నీ ఎవరూ నమ్మరు. మీకు భయం పంచడమే సేవలా ఉంది.

తూర్పుగాలి: మీకు నోరు నొక్కడమే సైన్సులా ఉంది.

మేడమెట్లు: ఇద్దరూ కాస్త ఆగండి. మా నాన్నగారికి థైరాయిడ్ క్యాన్సర్. వైద్యంగా రేడియో అయోడిన్ (రేడియేషన్ వెలువరించే అయోడిన్-131) ఇచ్చి ఇంటికి పంపారు. గోడ అవతలి ఇంటాయన మీటర్ ఎన్నో రెట్లు లేచింది. ఆయన వెంటనే మ్యాప్‌లో పెట్టారు, మా ఇంటి చుక్కతో సహా. ఆ మర్నాటి నుంచి పనమ్మాయి రాలేదు. మెట్ల మీద నాన్నగారు ఎదురైతే జనం గోడకు ఒరిగి నిలబడేవాళ్లు. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. ఆ చుక్క మాత్రం నెలలు ఉంది. తలుపు తట్టి "ఎవరికైనా వైద్యం జరిగిందా" అని అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని.

తూర్పుగాలి: అమ్మా, అది అన్యాయం. ముందు తలుపు తట్టాలి, ఒప్పుకుంటున్నాను. నా గొడవ ఆగమన్నందుకు కాదు. అంకెను చెరిపే హక్కు ఎవరిదన్నదే నా గొడవ. అనుమానం ఉంటే పక్కన అనుమానమని రాయండి, అంకెను ఉంచండి.

అర్ధాయుష్షు: మీ రీడింగులు చెరిపింది నేనే. అడగాల్సింది, అడగలేదు. క్షమించండి. కానీ మేడమెట్లు గారి ఇంటి చుక్క కూడా అంకే కదా. దాన్నీ ఉంచమంటారా?

తూర్పుగాలి: అంకె ఉంచుతాను. ఇంటి ఆనవాలు తీసేస్తాను.

అర్ధాయుష్షు: చోటు తెలియని అంకె కొలతే కాదు.

మేడమెట్లు: మా నాన్నగారు మీకు కొలత కాదు.

గడపలో_గీగర్: ఇప్పుడు మళ్లీ వాన. 0.16. మొదలైన టైముతో "వాన" అని పక్కన రాసి మ్యాప్‌కు పంపాను. వీధి గ్రూపులో పెట్టలేదు.

తూర్పుగాలి: ఎందుకు పెట్టలేదు? "వాన వల్ల" అని రాసి పెట్టొచ్చుగా.