పాత కస్టమరు ఫిర్యాదు చేస్తే మా ఆటో రిప్లై కొత్త చీరలు చూపించింది. తీసేయమంటారా?

గుంటమగ్గం (మంగళగిరి) అడిగారు:

అందరికీ నమస్కారమండీ. మాది మంగళగిరి. మా మామగారి కాలం నుంచీ మగ్గమే మా బతుకు. ఇంట్లో మూడు గుంట మగ్గాలున్నాయి, బయట ఇంకో పదకొండు మంది మాకు నేస్తారు. బజార్లో కొట్టు లేదు. ముందు గదిలో బీరువాలే మా కొట్టు, అమ్మకమంతా వాట్సాప్‌లోనే.

2019లో బిజినెస్ యాప్ పెట్టుకున్నాను. అప్పట్లో రోజుకి పది, పదిహేను మెసేజ్‌లు వచ్చేవి. అన్నీ నేనే చూసేదాన్ని. కుడిచేత్తో పిల్లలకి అన్నం కలుపుతూ ఎడమచేత్తో టైపు చేసిన రోజులున్నాయి. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి జరీ ఎక్కువుంటే నచ్చదు, ఎవరు నూలు తప్ప కట్టరు, అన్నీ గుర్తుండేవి.

ఇప్పుడు శ్రావణం వస్తుందంటే రోజుకి రెండొందలు దాటుతున్నాయి. సగానికి పైగా "ధర?", "ఉందా?", "కొరియర్ ఎంత?" అన్నవే. గంట ఆలస్యమైతే వేరేచోట కొనేసుకుంటున్నారు. అందుకని మొన్న వేసవిలో ఒక సంస్థకి డబ్బు కట్టి ఆటో రిప్లై పెట్టించాను. ఎవరేం రాసినా "స్వాగతం! కొత్త చీరల కోసం 1, ధరల కోసం 2, ఆఫర్ల కోసం 3 నొక్కండి" అని వెళ్తుంది. అమ్మకాలు పెరిగాయి, ఆ మాట దాచను.

పోయిన నెల జరిగింది చెప్తాను. హైదరాబాద్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. మొదటి ఏడాది నుంచీ మా దగ్గరే కొంటున్నారు. కూతురి పెళ్లికి పెట్టుబడి చీరలన్నీ మావే, మనవడి అక్షరాభ్యాసానికీ మావే. ఈసారి వంగపండు రంగు, నిజాం అంచు చీర తీసుకున్నారు. అంచు పక్కన రెండు పోగులు తెగి ఉన్నాయి. మడత పెట్టేటప్పుడు నేను చూసుకోలేదు, తప్పు నాదే. ఆవిడ రాత్రి పదింటికి ఫొటో పెట్టారు. వెంటనే మా ఆటో రిప్లై "స్వాగతం! కొత్త చీరల కోసం 1 నొక్కండి" అంది. "అమ్మా, నేను టీచర్ని, ఫొటో చూశావా?" అని రాశారు. మళ్లీ అదే జవాబు. "నీతో ఒకసారి మాట్లాడాలి" అన్నారు. మూడోసారీ అదే.

నేను గుంటూరులో మా ఆడపడుచు ఇంట్లో పెళ్లిలో ఉన్నాను. రెండో రోజు రాత్రి ఫోన్ తెరిస్తే ఆవిడ ఆఖరి మెసేజ్ "సరే అమ్మా" అని ఉంది. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

ఇది పూర్తిగా తీసేయాలా? తీసేస్తే రెండొందల మెసేజ్‌లు నేనొక్కదాన్ని ఎలా చూడాలి? జీతానికి ఒక అమ్మాయిని పెట్టుకోగలను, ఇద్దరిని కాదు. ఇంకో సంగతి. ఫొటోలో రంగు వేరు, చేతికొచ్చాక రంగు వేరు అనే ఫిర్యాదు కూడా ఎక్కువైంది. మీరేం చేస్తున్నారో చెప్పండి.

బెజవాడ డెవలపర్:

అండీ, చిన్న వ్యాపారాలకి ఇలాంటివి కట్టిచ్చే పనే నాది, అందుకని వివరంగా రాస్తున్నాను. మీకు పెట్టిచ్చినవాళ్లు అన్ని మెసేజ్‌లకీ ఒకటే జవాబు తగిలించారు. అది సోమరి పని. మనిషి దగ్గరికి వెళ్లే దారి లేకుండా ఏ మెనూ కట్టకూడదు.

మీకు అంత పెద్ద ఏర్పాటు అవసరమా అని కూడా ఆలోచించండి. ఉచిత యాప్‌లోనే పలకరింపు మెసేజ్ ఉంది. కొత్తవాళ్లకీ, 14 రోజులుగా మాటల్లేనివాళ్లకీ మాత్రమే వెళ్తుంది, మాట నడుస్తున్నవాళ్లకి మధ్యలో అడ్డం రాదు. కొట్టు కట్టేసిన వేళలకి వేరే మెసేజ్ పెట్టుకోవచ్చు. ధర, కొరియర్ చార్జీల జవాబులు ముందే రాసి దాచుకుంటే గీత గుర్తు (/) కొట్టగానే వచ్చేస్తాయి. కానీ పంపేది మీరే, ఎవరికి పంపుతున్నారో చూసే పంపుతారు. ధరలన్నీ క్యాటలాగ్‌లో పెట్టేస్తే "ధర?" అనే మెసేజ్‌లు చాలావరకు తగ్గుతాయి. పేర్లకి లేబుళ్లు తగిలించవచ్చు. "ఫిర్యాదు" అని ఎర్ర లేబుల్ ఒకటి పెట్టండి, పొద్దున లేవగానే ముందు అదే తెరవండి.

పెద్ద ఏర్పాటే ఉంచుకుంటానంటే ఒక లెక్క తెలుసుకోండి. కస్టమరు రాసిన 24 గంటల్లోపైతే మీరు స్వేచ్ఛగా జవాబు రాయొచ్చు. అది దాటితే వాట్సాప్ ముందే ఆమోదించిన నమూనా మెసేజ్ తప్ప ఇంకేదీ వెళ్లదు, దానికి డబ్బు కూడా పడుతుంది. మీరు పెళ్లిలో ఉన్న రెండు రోజుల్లో ఆ గడువు దాటిపోయి ఉంటుంది.

ఈ-కామర్స్ సంస్థలు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని 2020 వినియోగదారుల నియమాల్లో ఉంది. ఇంటి ముందు గదిలో అమ్మే మీకు అది వర్తిస్తుందా లేదా అన్నది పక్కన పెట్టండి. "అందిందమ్మా, చూస్తున్నాను" అనడానికి రెండు రోజులే ఎక్కువ.

డల్లాస్ నుంచి:

నేను కొనేదాన్ని, అమ్మేదాన్ని కాదు. అటువైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి.

మాకూ మీకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మేం రాసేటప్పుడు మీరు నిద్రలో ఉంటారని మాకు తెలుసు. జవాబు ఆలస్యమైతే కోపం రాదండీ. 2025 ఆగస్టు చివర అమెరికా 800 డాలర్లలోపు పార్సిళ్లకి సుంకం మినహాయింపు ఎత్తేసింది. మన పోస్టాఫీసులు కూడా ఇక్కడికి పార్సిళ్లు ఆపేసి, మళ్లీ అక్టోబరు 15న మొదలుపెట్టాయి. అప్పుడు నావి రెండు ఆర్డర్లున్నాయి. ఒక కొట్టు వాళ్ల నుంచి ప్రతి మెసేజ్‌కీ "మీ ఆర్డర్ మాకు ముఖ్యం" అనే జవాబు, అది కూడా ఇంగ్లీషులో. రెండోవాళ్లు ఏలూరులో పచ్చళ్లు పెట్టే దంపతులు. ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది: "అమ్మా, పోస్టు ఆగిపోయింది, ఎప్పుడు కదులుతుందో మాకూ తెలీదు. డబ్బు వెనక్కి పంపమంటావా, ఆగుతావా?" నేను ఆగాను. ఏడు వారాలు. దసరాకి రావాల్సిన గోంగూర దీపావళి దాటాక వచ్చింది, మళ్లీ ఆమె దగ్గరే ఆర్డర్ పెట్టాను.

మీ టీచరమ్మ గారికి మళ్లీ ఫోన్ చేయకండి, గొంతు రికార్డు చేసి పంపండి. ఫోన్ ఎత్తాలంటే మనసు సిద్ధంగా ఉండాలి. వాయిస్ మెసేజ్ అయితే ఎప్పుడో ఒకప్పుడు వింటారు.

చీరాల బట్టల కొట్టు:

అమ్మాయ్, నాకు అరవై మూడు. మా నాన్న పోస్టుకార్డుల మీద వ్యాపారం చేశాడు. ఆయన చిట్టాలో ప్రతి ఖాతాదారు పేరు పక్కన ఒక వాక్యం రాసుకునేవాడు. "అంచు వెడల్పు కావాలి", "వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదు, అడగాలి", అట్లా. నువ్వు కూడా పేరు పక్కన రాసుకో. నీ జ్ఞాపకం నువ్వు జీతానికి పెట్టుకునే అమ్మాయికి అందాలంటే అదొక్కటే దారి. ధరల మెసేజ్‌లు ఆ అమ్మాయికి అప్పగించు. ఫిర్యాదులు మాత్రం నువ్వే చూడు.

రంగు సంగతి. మేం పొద్దున పదింటికి వరండా నీడలో తీస్తాం, లైటు కింద తీయం. చీర పక్కన ఒక తెల్ల కాగితం, ఒక పసుపు కొమ్ము పెడతాం. పసుపు కొమ్ము ఎవరింట్లోనైనా ఉంటుంది. తన ఫోన్‌లో ఆ కొమ్ము ఎలా కనిపిస్తోందో చూసుకుంటే చీర రంగు ఎంత అటూ ఇటూ ఉందో కొనేవాళ్లకే తెలుస్తుంది. రంగు పేరు తెలుగులో చెప్పు. మెంతి రంగు, మిరపపండు రంగు, నెమలికంఠం అంటే ఆడవాళ్లకి వెంటనే అందుతుంది. రంగు అద్దిన ప్రతిసారీ ఒకేలా రాదని కూడా ముందే రాసెయ్.

డబ్బు కట్టామని స్క్రీన్‌షాట్ పంపితే నమ్మి పార్సిల్ కట్టొద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకో. మా కొట్లో ఇట్లా రెండుసార్లు నష్టపోయాం. ఈ సంగతి ఆ అమ్మాయికి మొదటి రోజే చెప్పు.

గుంటమగ్గం (మంగళగిరి):

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న ఆ మెనూ తీయించేశాను. పలకరింపు మెసేజ్‌ని మా మాటల్లోనే రాసుకున్నాను: "నమస్కారమండీ, ధరలన్నీ క్యాటలాగ్‌లో ఉన్నాయి. చీరలో ఏదైనా లోపం ఉంటే 'లోపం' అని ఒక్క మాట రాయండి, నేనే పలుకుతాను. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటాను." మా నేతగాడి కూతురు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంది, సోమవారం నుంచి వస్తానంది. తనకోసం పాత కస్టమర్ల పేర్ల పక్కన ఒక్కో వాక్యం రాయడం మొదలుపెట్టాను. నూట నలభై అయ్యాయి. రాస్తుంటే ఎంతమందిని మర్చిపోయానో తెలిసొచ్చింది.

టీచరమ్మ గారికి వాయిస్ పంపాను. తప్పు నాదని, పెళ్లిలో ఉన్నానని, ఆ జవాబులు నేను రాసినవి కావని చెప్పాను. పొద్దున పంపితే సాయంత్రం నీలం గీతలు పడ్డాయి. రాత్రి ఆవిడ గొంతు వచ్చింది: "నువ్వు కొట్టు ఎవరికో అమ్మేశావనుకున్నానే."

చీర వెనక్కి పంపుతున్నారు. పోగులు ఎక్కించి సరిచేయడానికి నేసినాయనే వస్తానన్నాడు.