«నిరీక్షణలేని యితరులవలె»: ఆశ అనకుండా నిరీక్షణ అన్నదెందుకు?

ప్రశ్న: ఆప్తులను సమాధి చేసే వేళ చదివే, బైబిలులోని మొదటి థెస్సలొనీకయుల పత్రిక (అంటే లేఖ) 4:13లో «నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము» అని ఉంది. ఇక్కడ నిరీక్షణ అంటే ఎదురుచూడటమా, ఆశా? అందరికీ తెలిసిన ఆశ అనే మాటే సరిపోతుంది కదండీ?

సమాధానం: మా అమ్మను సాగనంపిన రోజున ఈ వచనం విన్నవాణ్ణి గనుక, ఈ మాట గురించి నిఘంటువు ఒక్కటే చూసి చెప్పలేనండీ.

గ్రీకు మూలంలో ఉన్నది ‘ఎల్పిస్’. దానిని ఆశ అనడం తప్పేమీ కాదు. కానీ తెలుగులో ఆశ అనగానే అది తీరుతుందో తీరదో అన్న సందేహం కూడా వెంట వస్తుంది. దురాశ, పేరాశ వంటి మాటల వల్ల దానికి లోభపు ఛాయ కూడా అంటుకుంది. నిరీక్షణకు మూలమైన ‘ఈక్ష్’ ధాతువుకు చూచుట అని అర్థం. వస్తానన్న మనిషి కోసం దారి మీద నిలిపిన చూపు అది. మన ఎదురుచూపులోనూ చూపే ఉంది, కనిపెట్టుకొని ఉండటంలోనూ కన్నే ఉంది. రోమీయులకు వ్రాసిన పత్రిక 8:25లో «మనము చూడనిదానికొరకు నిరీక్షించిన యెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము» అన్నప్పుడు, కంటికి కనబడని దానిని గురించి చెప్పే వాక్యంలో చూపుకు సంబంధించిన ఈ రెండు మాటలూ చేరడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక ‘వలె’ అన్న చిన్న మాటను చాలామంది దాటేస్తారు. ఏడ్చేవారిని వారించడానికి ఈ వచనాన్ని వాడటం నేను విన్నాను, అది సరికాదు. ఈ పత్రిక రాసిన పౌలు దుఃఖపడవద్దని అనలేదు, నిరీక్షణ లేనివారు దుఃఖపడే తీరున దుఃఖపడవద్దని అన్నాడు. చనిపోయిన తన స్నేహితుడు లాజరు తిరిగి లేస్తాడని తెలిసి కూడా అతని సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడని యోహాను సువార్త 11వ అధ్యాయం చెబుతున్నది.

నాలుగు వచనాల తరువాత, 4:17లో, మరొక మాట నేటి పాఠకులను తడబెడుతుంది: «వారితోకూడ ఏకముగా ప్రభువును ఎదుర్కొనుటకు». ఎదుర్కొనుట అంటే ఇప్పుడు మనకు కష్టాన్నో శత్రువునో తట్టుకొని నిలవడమే గుర్తుకొస్తుంది గానీ, ఇక్కడ దాని అర్థం ఎదురువెళ్లి స్వాగతం చెప్పడం. మత్తయి 25:6లో పెండ్లికుమారుని «ఎదుర్కొన రండి» అన్న కేకలోనూ, ఈ వచనంలోనూ గ్రీకులో ఉన్నది ఒకే మాట, ‘అపాంతేసిస్’. అంటే దారివైపు చూస్తూ ఉన్నవారు, వచ్చేవాడు కనబడగానే లేచి ఎదురువెళ్లడమన్నమాట. నిరీక్షణ ముగిసే చోటు అదే.

అయితే ఆ ఎదురువెళ్లడం ఒంటరిగా కాదు. నిద్రించినవారు, అంటే మరణించినవారు, మొదట లేస్తారని 4:16 చెప్పింది గనుక, «వారితోకూడ» అన్నప్పుడు ‘వారు’ అంటే వాళ్లే. ఈ భాగాన్ని బిగ్గరగా చదివేవారు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగితే బాగుండునని నా కోరిక. ఆ రోజు చదివినాయన ఆగలేదు గానీ, నా చెవికి మాత్రం అక్కడ మా అమ్మ పేరే వినిపించింది.